నాలుగో గుంటలో గీత

2024 ఫిబ్రవరి 20, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. వనపర్తిలో నేను ఇరవై ఆరేళ్లు బోటనీ చెప్పిన కాలేజీ ల్యాబ్. దయ్యాల మాటెత్తితే విసుక్కునే మనిషిని నేను. ఇప్పటికీ విసుక్కుంటాను.

నా దగ్గర పనిచేసిన ల్యాబ్ అసిస్టెంట్ రహమత్ బీది మల్దకల్. వాళ్ల పొలంలో ఒకప్పుడు పండిన తెల్లజొన్న నుంచి మేమిద్దరం తీసిన డీఎన్ఏ మూడు ట్యూబులు ఫ్రీజర్‌లో మిగిలాయి. గింజలు పురుగు పట్టి పోయాయి. ఆమె పోయి రెండేళ్లు. డీఎన్ఏ చెడకుండా ఉంటే హైదరాబాద్‌లో ఆ జొన్న వివరమైనా నమోదు చేయించవచ్చు. అది తేల్చుకోవడానికే వెళ్లాను.

జెల్ పెట్టెలో కరెంటు పెడితే డీఎన్ఏ జెల్లీ పలకలో ప్లస్ వైపు నడుస్తుంది; చెడనిదైతే ఒక్క గీతగా నిలుస్తుంది. ఆ ప్లస్ వైపు ఉండే ప్లాటినం తీగ, కడుగుతుంటే నా చేతిలోనే తెగింది. గద్వాల నుంచి వచ్చే లెక్చరర్ సుజాత, బోరు మోటరుకు చుట్టే రాగి తీగ తెచ్చింది.

"రాగిల కరెంటు మంచిగ పోతది గద మేడం! గింత తీగ కోసం ఇంకో నెల ఆగుతమా?"

ప్లస్ వైపు పెడితే రాగి నీళ్లలోకి కరుగుతుందని, డీఎన్ఏను కదలనివ్వదని ఏటా పిల్లలకు చెప్పిన నేనే ఆ రోజు సరే అన్నాను. రహమత్ బీ ఉంటే సగం దాచమనేది. మూడు ట్యూబులూ జెల్లీ పలక అంచున ఉండే నాలుగు గుంటల్లో మూడింటిలో పూర్తిగా పోసేశాను. నాలుగో గుంట ఖాళీ.

నలభై నిమిషాలకు నీళ్లు నీలమయ్యాయి. యూవీ దీపం కింద చూస్తే మూడు వరుసల్లోనూ డీఎన్ఏ గుంటల దగ్గరే మసకగా ఆగిపోయింది. నాలుగో వరుసలో మాత్రం సన్నటి నారింజ గీత, అంచు చెదరకుండా ఉంది. స్కేలు పెట్టాను. నాలుగు సెంటీమీటర్లు. ప్లాటినంతో మాకు ఎప్పుడూ వచ్చే దూరం.

"మేడం, గా నాలుగోదాంట్ల మీరేమన్న పోసిన్రా?"

"లేదు. నువ్వు?"

"నాకేం తెల్వదు మేడం. మీరు జర కూసోండి."

పక్క గుంటలోంచి ఒలికిందనుకుందామంటే, అదీ ఆ రాగి నీళ్లలోనే కదా నడవాలి!

పాత రోజుల్లో నాలుగో గుంట రహమత్ బీ నింపేది. "మూడు మీయి మేడం, గీ మూల జాగ నాది" అని నవ్వి, ఊపిరి బిగబట్టి పోసేది. టీ చల్లారినా కరెంటు ఆపేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. సుజాతకు ఈ సంగతి తెలియదు.

గీతను కోసి దాచాను. తర్వాత దాంట్లోంచి డీఎన్ఏ తీయబోతే ఏమీ రాలేదు. ఫోనులో ఫోటో ఉంది. అది ఎలా వచ్చిందో ఈనాటికీ చెప్పలేను.

పోయినవి: ప్లాటినం తీగ ఒకటి. డీఎన్ఏ ట్యూబులు మూడు. మల్దకల్ తెల్లజొన్న, మొత్తంగా.