తల అన్న మాట

ఈవేళ సాయంత్రం మావారు డ్యూటీ దిగి ఇంటికి రాగానే, జెండాలూ దీపాలూ ఉండే లైను బాక్సు ఇంకా వరండాలోనే ఉండగా, బూట్లయినా విప్పకుండా చెప్పిన కబురు ఏమిటంటే, దసరా వెళ్ళాక మళ్ళీ నేపాలు ప్రయాణమట, అదే కొండకి, అదే సరస్సుకి. పక్క క్వార్టరు అన్నయ్యగారు కాఠ్మాండూలో గైడుని కుదిర్చే వాళ్ళకి అప్పుడే ఫోను కూడా చేసేశారట. ఈసారి మగవాళ్ళమే, ఆడవాళ్ళు లేరు అని ఆ చివరి మాట మాత్రం నా వైపు చూడకుండా అన్నారు. ఆ తర్వాత మంచం కింది ట్రంకు పెట్టె లాగి ఉన్ని మేజోళ్ళ కోసం వెతుకుతుంటే, అడుగు నుంచి వెలిసిపోయిన పచ్చజెండా ఒకటి బయటపడింది. మా అమ్మాయి దాన్ని అందుకుని, "నాన్నా, ఈ జెండా మై స్కూల్ లే జాఊఁ?" అంటూ, బడికి పట్టుకెళ్తానని గెంతుతుంటే, పిల్ల చేతిలోంచి దాన్ని లాక్కున్నాను. అది బిక్కమొహం వేసింది. అందరూ పడుకున్నాక ఇప్పుడు వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పగలు నాకు రాసే తీరికెక్కడిది?

మీలో నా ఈడు వాళ్ళకి ఆ ఎనభైల చివరి రోజులు గుర్తుండే ఉంటాయి. విదేశం వెళ్ళడమంటే మనలాంటి వాళ్ళకి మాటల్లో వచ్చే సంగతే తప్ప కాళ్ళకి అందే సంగతి కాదు. అయితే నేపాలుకి పాస్‌పోర్టు అక్కర్లేదనీ, గోరఖ్‌పూర్ దాకా రైలు పాసు ఉండనే ఉందనీ, అక్కడి నుంచి గైడూ సామాను మోసేవాళ్ళూ వెంట ఉండి కొండల్లో నడిపించి తీసుకొస్తారనీ పక్క క్వార్టరు అన్నయ్యగారు ఎక్కడో విని వచ్చి కాలనీలో చెప్పేసరికి, నాలుగైదు కుటుంబాల వాళ్ళం సరేననేశాం. ఇక ఆదివారం వస్తే చాలు, తెల్లారకుండానే పట్టాల పక్క దారి పట్టుకుని లాల్‌ఖదాన్ దాకా నడిచి రావడం, దారిలో టీలూ సమోసాలూ, ఎవరి మోకాలు ఎంత నొప్పెట్టిందో చెప్పుకుని నవ్వుకోవడం. సదర్ బజారులో గుడ్డ బూట్లూ కోతి టోపీలూ కొన్నాం. హిమాలయాలకి అవి చాలని నిజంగానే అనుకున్నాం.

మా అత్తగారికి మాత్రం ఈ వ్యవహారం బొత్తిగా అర్థం కాలేదు. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి కొత్తకోడలిగా ఈ హిందీ ప్రాంతపు రైల్వే క్వార్టర్లకి వచ్చిన మనిషి, ఆవిడ మాట ఇప్పటికీ అక్కడిదే. "ఓలమ్మో, మనకి కొండల్లేవేటి? పెండ్రారోడ్డులో దిగితే అమర్‌కంటకం, పాసు మీద ఎల్లొచ్చు. దేశంగాని దేశం ఎల్లి, డబ్బులిచ్చి మరీ నడవడవేటి? ఎవుడైనా ఇంటే నవ్వుతాడు," అనేది. ఆ తర్వాత ఆవిడే మెత్తబడి, మా అమ్మాయికి అప్పటికి ఏడాదిన్నర, పాలు మాన్పించి తన పక్కలో పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టింది. "ఎల్లండి, గుంటని నాను సూసుకుంతాను. ఇద్దరూ ఎల్తన్నారు, ఇద్దరూ రావాల," అంది, బయలుదేరే రోజు గుమ్మంలో. ఆ చివరి మాట నాతో కొండదాకా వచ్చింది.

మావారు గూడ్సు గార్డు, బండి చివరి బ్రేకువానులో ఉండే మనిషి. ఆ ఉద్యోగం ఆయన ఒంట్లోకి ఎంత ఇంకిపోయిందంటే, కొండల్లోకి కూడా ఎర్రజెండా పచ్చజెండా చుట్టి సంచిలో పెట్టుకొచ్చారు. ధున్చే అనే ఊళ్ళో బస్సు దిగి నడక మొదలుపెట్టిన రోజు నుంచి, పొద్దున్నే అందరూ వరసలో నిలబడ్డాక వెనక నుంచి పచ్చజెండా ఊపేవారు, ముందున్న అన్నయ్యగారు నోటితో కూత పెట్టేవారు, అప్పుడు బయలుదేరేవాళ్ళం. ఆ గైడు మొదట ఆశ్చర్యపోయి, తర్వాత జెండా ఊపితే తప్ప తనూ కదిలేవాడు కాదు. ముందుకి రమ్మంటే మావారు వచ్చేవారు కాదు. "గార్డన్నోడు ఎనకాలే ఉండాల. నేను ముందుకొచ్చేస్తే బండెవుడు సూత్తాడు?" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. అందరికంటే వెనక నడిచే మనిషి ఎలా నడుస్తున్నాడో చూసేవాళ్ళెవరూ ఉండరన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఆ అడవులూ, చెట్లకి గడ్డాల్లా వేలాడే నాచూ, మబ్బులు మనకంటే కిందుగా తేలడమూ, జడలబర్రెల పాలతో చేసిన గట్టి జున్నూ, వీటి గురించి ఎంతయినా రాయొచ్చు. బి.ఏ. చదివిన దాన్ని, హిమాలయాల గురించి పరీక్షలో పేజీలు నింపినదాన్ని, వాటిని కళ్ళతో చూసినప్పుడు నాకు ఒక్క వాక్యం కూడా గుర్తుకి రాలేదు. ఆ సంతోషంలోనే సాయంత్రాలయ్యేసరికి రొమ్ములు గట్టిపడి పాలు పొంగేవి. పిల్ల మానేసిందిగాని నా ఒంటికి ఆ సంగతి తెలియలేదు. శాలువా కప్పుకుని టీ కొట్టు వెనక్కి వెళ్ళి పిండుకుని, కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేదాన్ని.

గోసాయికుండ సరస్సుకి చేరాల్సిన రోజు పొద్దున మావారు టీ తాగలేదు. తల పగిలిపోతోందన్నారు. మాత్ర ఇచ్చాను. జెండా ఊపారుగాని చెయ్యి సగంలోనే దించేశారు. ఆ పూట నేను ఆయన పక్కనే ఉండిపోయాను. మా నడక మందంగా ఉందని గైడు సామాను మోసేవాళ్ళలో ఒకావిడని మాతో ఉంచి, మిగతావాళ్ళని తీసుకుని ముందుకి సాగాడు. ఆవిడ నా కంటే పదేళ్ళు పెద్దదేమో, వెదురుబుట్ట వీపున వేసుకుని దాని పట్టీ నుదుటికి తగిలించుకుని నడిచేది. మేం ఆవిడని దీదీ అనేవాళ్ళం, ఆవిడా నన్ను దీదీ అనేది. అంతకు మించి ఆవిడకి హిందీ రాదు, నాకు నేపాలీ రాదు.

గట్టు ఎక్కే కొద్దీ మావారి అడుగులు తాగినవాడి అడుగుల్లా పడసాగాయి. ఒకచోట వాంతి చేసుకున్నారు. మరికాస్త దూరం వెళ్ళి దారికి అడ్డంగా ఒక రాయి మీద కూర్చుండిపోయారు. దీదీ ఆయన మొహంలోకి వంగి చూసింది. బుట్ట బరువుకి రెండు చేతులూ నుదుటి పట్టీ మీదే ఉన్నాయి, అలాగే నా వైపు తిరిగి, "మాథి హోఇన, దీదీ, తల! తల!" అంది.

నాకు వినిపించింది మతి, తల. చేతులు చూస్తే నుదుటి దగ్గరే ఉన్నాయి. అవును దీదీ, తలే, పొద్దుటి నుంచి తలనొప్పే అని తల ఊపి, తువాలు తీసి ఆయన నుదుటికి బిగించి కట్టాను. ఇంకో మాత్ర మింగించాను. ఆవిడ కాళ్ళు నేలకేసి తన్నుతూ ఇంకా గట్టిగా తల, తల అని అరుస్తోంది. నేను ఇంకా గట్టిగా బిగిస్తున్నాను. తెలియని దేశంలో ఒక మనిషి తెలుగు మాట అంటోందే అని క్షణం పాటు సంతోషం కూడా కలిగింది నాకు. 

"లేవండి, కాస్త దూరమే," అన్నాను.

"స్టార్టరు సిగ్నలు పడ్లేదు," అన్నారాయన మెల్లగా. "బిల్హా లూపులో ఎట్టేసారు. ఎనకాల మెయిలు రావాల. అదెల్లేదాకా మన్ని వదల్రు."

"ఏవండీ, ఇది బిల్హా స్టేషను కాదండీ, కొండ. నన్ను చూడండి."

చూశారు. "నువ్వేటిక్కడ? బ్రేకువానులోకి ఆడోళ్ళు రాకూడదని తెల్దేటి?" అని కసురుకున్నారు. బండి ఆలస్యమై ఇంటికొచ్చిన ప్రతిసారీ బిల్హా లూపులో పెట్టేశారని చెప్పే మనిషే, అదే గొంతు. కానీ ఆ కళ్ళలో నేను లేను.

ఆయన సంచిలోంచి ఎర్రజెండా తీసుకుని గట్టు చివరికి పరుగెత్తాను. మావాళ్ళు దూరంగా పై మలుపులో చీమల్లా కనిపిస్తున్నారు. రైల్వే మనుషులు, ఎర్రజెండా కనబడితే ఆగిపోతారని నా ఆశ. ఊపాను, అరిచాను, ఊపిరి అందక మోకాళ్ళ మీద పడ్డాను. అన్నయ్యగారు వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపారు కూడా. తర్వాత మళ్ళీ ముందుకే నడిచారు. అప్పుడు చూశాను, నా పక్కనే రాళ్ళగుట్ట మీద తాళ్ళకి కట్టిన పూజాజెండాలు, ఎర్రవి, పచ్చవి, పసుపువి, తెల్లవి, నీలివి, గాలికి ఎగురుతున్నాయి. అన్నిట్లో నాదీ ఒకటి.

వెనక్కి వచ్చేసరికి ఆయన ఒరిగిపోతున్నారు. అత్తగారి మాట చెవిలో మోగుతోంది. ఇద్దరూ రావాల. గుంట పాల కోసం వెతుక్కుంటుందని, నేనొక్కదాన్నే ఏ మొహంతో ఆ గుమ్మం ఎక్కనని, ఈ రాయి దగ్గరే నేనూ కూర్చుండిపోతానని, ఏవేవో అనుకుంటున్నాను. ఇంతలో కింది వాలు మీద ఒక పశువుల కాపరి, పైకి ఎగబడుతున్న జడలబర్రెల్ని అదిలిస్తూ, "హోయ్! తల! తల!" అని కేకేశాడు. అవి తలలు తిప్పుకుని, బద్ధకంగా, కిందికి దిగసాగాయి.

దీదీ వైపు చూశాను. చెయ్యి కిందికి చూపించి, తల? అన్నాను. ఆవిడ బుట్ట కింద పడేసి రెండు చేతులూ లోయ వైపు చాచింది, ఏడుస్తూ. ఆ ఎత్తులో గాలి చాలక ఆయనకి మతి తప్పిందని ఆవిడకి ముందే తెలుసు. ఆవిడ అప్పటిదాకా చెబుతున్నది కిందికి దించమని. పైకి కాదు దీదీ, కిందికి, కిందికి.

కానీ ఆయన లేవరే! చెరో చెయ్యీ పట్టి లాగితే విదిలించుకుని, సిగ్నల్ లేకుండా బండి ఎలా కదులుతుందని నా మీద మండిపడ్డారు. అప్పుడు, ఎవరు చెప్పారో తెలియదు, పచ్చజెండా తీసి, వాలులో కాస్త కిందికి దిగి, ఆయనకి ఎదురుగా నిలబడి, స్టేషనులో చూపించినట్లు చెయ్యి బారుగా చాచి చూపించాను. ఆయన జెండా చూశారు. చొక్కా సర్దుకున్నారు. లేచి నిలబడ్డారు.

దీదీ ఆయన చంక కింద భుజం పెట్టింది. నేను ముందు దిగడం, తిరిగి నిలబడి జెండా చూపించడం, ఆయన నా దాకా రావడం, మళ్ళీ నేను దిగడం. జెండా దించితే ఆగిపోయేవారు. నా చేతులు తిమ్మిరెక్కాయి, జాకెట్టు పాలతో తడిసి గాలికి మంచులా చల్లబడింది. ఇలాగే అడవి మొదలయ్యేదాకా, ఆ తర్వాత దారిలో మేం దాటొచ్చిన, జున్ను చేసే ఊరిదాకా. అక్కడ పొయ్యి పక్కన పడుకోబెట్టాక, పొద్దు వాలే వేళకి కళ్ళు తెరిచి, "ఆకలేత్తంది, ఏటైనా ఉందేటి?" అన్నారు. నేను దీదీ ఒళ్ళో తల పెట్టి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

మర్నాడు మిగతావాళ్ళు సరస్సు నీళ్ళు సీసాలో పట్టుకుని దిగొచ్చారు. "పిల్ల మీద బెంగెట్టుకున్నావేటి చెల్లెమ్మా? ఆడ్ని కూడా సూడనియ్యకుండా దింపేసావు," అని అన్నయ్యగారు వేళాకోళం చేశారు. మావారికి ఆ పూట సంగతి ఒక్కటీ గుర్తులేదు. ఆయనా అదే నమ్మారు. నేను కాదనలేదు. గార్డుకి మతి తప్పిందన్న మాట పొరపాటున ఆఫీసులో పడితే, మెడికల్‌లో కూర్చోబెట్టి అన్‌ఫిట్ అంటారేమో, ఉద్యోగం, ఈ క్వార్టరు ఏమవుతాయోనని నోరు కుట్టేసుకున్నాను. ఆయన బండి ఆలస్యమైన రోజున, బిల్హా లూపులో పెట్టేశారన్న మాట ఆయన నోటి నుంచి వినేదాకా నా ప్రాణం కుదుటపడదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ సాయంత్రం మొత్తం చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు. "నేనా? బ్రేకువానన్నానా? ఊరుకో, నన్నాపడానికి ఇయ్యన్నీ కతలు కడతన్నావు." అమ్మాయి కూడా నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "ఓరి, అది అబద్దం సెప్పదురా," అని, నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఒక్కదానివీ మోసినావేటే?" అంది. అయినా ఆయన వినలేదు. చూసినవాళ్ళు ఇంకెవరున్నారు? ఒక్క దీదీ, ఆవిడ ఏ కొండ మీద ఉందో.

చివరికి ఒక్క మాటయినా నేర్చుకుని వెళ్ళమని బతిమాలాను. మాథి అంటే పైకి, తల అంటే కిందికి. ఎవరైనా మీతో తల అంటే మారు మాట్లాడకుండా దిగిపోవాలి, ఏదీ అనండి, అన్నాను. నా పోరు పడలేక, "సరే, తల," అన్నారు. అంటూనే చేత్తో తన తల తట్టి చూపించారు.

అప్పట్లో మాకు సరైన బూట్లు లేవు, చలికోట్లు లేవు, ఇంటికి కబురు చెయ్యాలంటే ట్రంకు కాల్ కోసం పూటంతా కూర్చోవాలి. ఇప్పుడు మంచి బూట్లు సదర్ బజారులోనే దొరుకుతున్నాయి, సందు మలుపులో ఫోను బూతు ఉంది. ఆదివారం నడకలు మాత్రం ఎప్పుడో ఆగిపోయాయి, ఆ కుటుంబాల్లో సగం బదిలీలై ఎక్కడెక్కడో ఉన్నారు, ఆ ఆడవాళ్ళ నవ్వులు ఈ క్వార్టర్లలో వినిపించి ఎన్నేళ్ళయిందో. అన్నీ మారాయి, ఆయన అలవాటు తప్ప. ఈసారి కూడా అందరి వెనకే నడుస్తారు.

జెండా ఉతికి వంటింటి తాడు మీద ఆరేశాను. ఆరాక ఆయన సంచిలో పెడతాను. పెట్టడమైతే పెడతానుగాని, ఎదురుగా, కాస్త కిందుగా నిలబడి ఆయనకి దాన్ని చూపించేదెవరు?