పెద్దనాయన ఎడమ కన్ను

మా వీధిలో ఇప్పుడు ప్రతి ఇంటి ముందరా పాలిష్ బండలే. మా జిల్లాకు వాన చుట్టపుచూపుగా వచ్చిపోతుంది కాబట్టి జారిపడే భయం లేదని వేయించారో ఏమో. కానీ పొద్దున్నే నీళ్లు చల్లుతారు కదా. పాల పాకెట్టుకని బయలుదేరి, కూర్చోవాలని అనుకోని చోట కూర్చున్న సందర్భాలు నాకున్నాయి. వెనకటి బండలు గరుకుగా ఉండేవి. చూడ్డానికి బాగుండేవి కావు గానీ, మనిషిని నిలబెట్టేవి.

ఈ నునుపుకు మా పెద్దనాయన కూడా కొంత బాధ్యుడే. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. పెళ్లికి ముందే ఒక రాతి పెచ్చు ఎగిరి ఎడమ కంటికి తగిలింది. చూపు దక్కింది గానీ, రెప్ప సగమే లేచేది. ఆ కన్నుతోనే పెళ్లిచూపులకు వెళితే, పిల్ల తండ్రి అది కన్ను కొట్టడమనుకుని కుర్చీలోంచి లేచాడట. పిల్లకు మాత్రం నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పెళ్లి ఖాయమైపోయిందని, అందులో తన ప్రమేయం ఏమీ లేనట్టు మా పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆయన పోయాక ఇది మొదటి పెద్దల అమావాస్య. ఆ రోజు మా వైపు, పోయినవాళ్ల ఫోటో గోడకు ఆనించి, కొత్త బట్టలు పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో వడ్డిస్తారు. ఇష్టమైనవాటిలో బీడీ కట్ట ఉన్నా మొహమాటపడరు. వాళ్ల భోజనం అయిందనుకున్నాకే బతికున్నవాళ్లకు ఆకులు పడతాయి. చిక్కల్లా ఫోటోతోనే. కెమెరా కనబడితే పనుందని వెళ్లిపోయే మనిషి ఆయన. దొరికింది ఒక్కటే, ఎవరిదో పెళ్లి బంతిలో, తలగుడ్డతో, నోట్లో ముద్దతో ఉన్నది. పెద్దమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది.

"మీ పెద్దనాయన మొగం పండగనాటికి తెచ్చిపెట్టప్పా."

నాకే ఎందుకంటే, అంతకు ముందు వారమే నేనొక డిగ్రీ కాలేజీలో 'కృత్రిమ మేధ, మన బాధ్యత' అని ప్రసంగించి శాలువా కప్పించుకుని వచ్చాను. మనిషి అనుమతి లేకుండా యంత్రం మనిషిని మార్చరాదని బల్ల గుద్ది చెప్పాను. ప్రసంగం చాలా బాగుందని చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు. రాసింది నేను కాదు, ఫోనులోని ఆ కృత్రిమ మేధే.

ఫోటో స్టూడియో అతను కంప్యూటర్లో పెట్టి ముందు నోట్లోని ముద్ద తీశాడు. తర్వాత తలగుడ్డ తీశాడు. దాని కింద ఏనాడూ లేని జుట్టు మొలిచింది. ఏనాడూ వేసుకోని నీలం కోటు వచ్చింది. ఒక్కొక్కటీ వచ్చేకొద్దీ నాకూ ముచ్చటేసింది. చివరికి అతను చెయ్యి ఆపి నావైపు చూశాడు.

"ఈ కన్ను గూడా తెరిపిస్తామా అన్నా? ఏఐకి ఒక్క నిమిషం పని."

బాధ్యత గల వక్తను కాబట్టి కాసేపు ఆలోచించాను. ఆలోచించాక, ఎట్లాగూ చేస్తున్నావు కదా, కానియ్యి అన్నాను.

అమావాస్య నాడు ఫ్రేముకు చుట్టిన కాగితం విప్పగానే ఇల్లంతా మెచ్చుకుంది. మా చిన్నాయన, అన్న అచ్చం ఎమ్మెల్యే మాదిరి ఉండాడన్నాడు. మా వైపు అది పొగడ్తో కాదో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. పెద్దమ్మ కోడలు ఆ ఫోటోకు ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టింది. ఆకులో సంగటి, మాంసం కూర, ఓళిగలు, పక్కన బీడీ కట్ట. వాసనకే అందరికీ ఆకలి రెండింతలైంది.

పెద్దమ్మ హారతి పళ్లెంతో వచ్చి ఫోటో ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. పళ్లెం కింద పెట్టి, ఆకును ఒక పక్కకు జరిపింది. బీడీ కట్ట తీసి కొంగులో ముడేసుకుంది.

"ఆ కన్ను ఎవురు తెరిపిచ్చిరి?"

నేను వివరించాను. యంత్రం లోపాలు సవరిస్తుందనీ, ఇప్పుడందరూ ఇట్లాగే చేయించుకుంటున్నారనీ చెప్పాను. లోపం అన్న మాట దగ్గర ఆమె నావైపు తిరిగింది. ఆయప్పను అడిగినారా అంది. ఆయన్ను అడిగే వీలు లేదు కదా అన్నాను. పోనీ నన్నడిగినారా అంది. కాలేజీలో నాకు చప్పట్లు ఎక్కువ పడింది సరిగ్గా ఈ అంశానికే.

చిన్నాయన కల్పించుకుని, మనసులో అన్నను తలుచుకుని హారతి ఇచ్చేయమనీ, కూడు చల్లారిపోతోందనీ వదినకు నచ్చజెప్పబోయాడు. ఆమె పాత ఫోటో తెమ్మంది. అది స్టూడియోలోనే ఉండిపోయిందనీ, వాళ్లూ పండగ చేసుకుంటూ షట్టరు దించేశారనీ చెప్పవలసి వచ్చింది. ఇల్లంతా ఆకలిగా నాకేసి చూసింది. ఫ్రేములోంచి పెద్దనాయన కూడా చూశాడు, రెండు కళ్లతో.

పెద్దమ్మ ఫ్రేమును గోడ దగ్గర నుంచి తీసింది. అద్దం మీద పడిన పసుపు మరకను కొంగుతో తుడిచింది. పరాయి వస్తువును పట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మనిషి బాగానే ఉండాడప్పా. ఎవురి మొగుడో కనుక్కోని, ఆయమ్మకు ఇచ్చేసి రా పో."