ఎర్రజెండా కట్టిన పిజ్జా కొట్టు

ఆ రోజు మా కాలనీ మలుపులో ఉన్న పిజ్జా కొట్టు గుమ్మానికి అడ్డంగా రెండు వెదురు కర్రలు, వాటి మధ్య ఎర్రజెండా కనిపించాయి. కింద అట్టముక్క మీద "ప్రమాదం, లోపలికి రారాదు" అని రాసి ఉంది. సాయంత్రం దాకా ఒక్కరూ మెట్టెక్కలేదు.

కట్టింది కొట్టు యజమానే. మోకాళ్లు అరిగి మెడికల్ అన్‌ఫిట్ అయ్యేదాకా బొగ్గు గనిలో పైకప్పుకు ఆధారాలు నిలబెట్టిన మనిషి. ఆ గని ఉద్యోగం కొడుక్కొచ్చింది, ఆయన బతుకంతా ఈ కొట్టు మీదికొచ్చింది. ముందు రోజు చీజ్ కంపెనీ ఫోనుకు సందేశం పంపింది: మేం మీకు పంపిన చీజ్‌లో హాని చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, వాడకుండా పక్కన పెట్టండి, మా బండి వచ్చి తీసుకెళ్తుంది. గనిలో కప్పు బాగాలేని చోటికి ఎవరూ పోకుండా ముందు అడ్డుకర్ర కడతారు. ఆయన అదే చేశాడు. ఫ్రిజ్ గుమ్మం పక్కనే ఉండడంతో అడ్డం గుమ్మానికే పడింది.

పత్రికలో పనిచేసినవాణ్ని కదా, సలహా ఇవ్వకుండా ఉండలేకపోయాను.

"ఫ్రిజ్‌కు తాళమేస్తే సాలు తమ్మీ, జెండా ఎందుకు?"

"అట్లెట్ల అన్నా? రేపు ఎవలకన్న ఏమన్నయితే?"

తర్వాత ఆ ఫ్రిజ్‌కు తాళమేసి, వేరే కంపెనీ చీజ్ తెచ్చి కర్రలు తీసేశాడు. అసలు చిక్కు అప్పుడొచ్చింది. గనిలో మొదటి షిఫ్టు దిగిన కుర్రాళ్లు రోడ్డు మీదే బండ్లాపారు. గనిలో అడ్డుకర్ర తీయాలంటే పని పర్యవేక్షించే ఓవర్‌మాన్ వచ్చి చూసి, బాగుందనాలి.

"ఏంది కాకా, నువ్వే కట్టి నువ్వే తీసినవా? ఓవర్‌మాన్ చూసిండా?"

"పిజ్జాకు ఓవర్‌మాన్ యాడ దొరుకుతడు బిడ్డా?"

"దొరికినంక పిలువు. అందాక మిర్చి బజ్జి తింటం."

లోపలినుంచి ఆయన భార్య అరిచింది. "బొగ్గు బాయిల ఏనాడన్న గిట్ల రూల్సు పాటించిన్రా? నా కొట్టుకాడికి రాంగనే యాదికొచ్చినయా?"

నవ్వారు గానీ ఎవరూ రాలేదు. చివరికి ఆయన మెట్టు మీద కూర్చుని, అందరూ చూస్తుండగా కొత్త చీజ్ వేసిన పిజ్జా ఒకటి మొత్తం తిన్నాడు. మర్నాడు డ్యూటీకి పోతూ కుర్రాళ్లు ఆయన ఇంటి ముందు హారన్లు కొట్టారు.

"కాకా, లేచినవా?"

"సచ్చిన! మీకోసమే మాట్లాడుతున్న!"

ఆ సాయంత్రం నలుగురు లోపలికొచ్చి, చీజ్ లేకుండా ఉల్లిగడ్డ ఎక్కువేసి పిజ్జా చెయ్యమన్నారు. ఇప్పటికీ అట్లాగే తింటున్నారు. కంపెనీ బండి రాలేదు. పాత చీజ్ ఇంకా ఆ ఫ్రిజ్‌లోనే, తాళం కింద ఉంది. అందులో బ్యాక్టీరియా ఉందో లేదో కంపెనీ మళ్లీ చెప్పలేదు.