నేను పెట్టిన కామా

ఇంగ్లండ్‌లో లెక్కల టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టానని చెప్పినప్పుడు మా ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "నలభై నాలుగేండ్ల వయసుల నీకు ఈ పరేషాన్ ఎందుకు?" అని మాత్రం అడిగి దుకాణానికి వెళ్లిపోయారు. రాంగోపాల్‌పేట్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఆయనది. దానికి రెండు వీధుల అవతలి బడిలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని నేను. ఎందుకంటే ఏం చెప్పను? నేను మంచి టీచర్‌నని నాకు తెలుసు. ఆ మాట ఇంకోచోట చెల్లుతుందో లేదో చూడాలనిపించింది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రెండు ఇంటర్వ్యూలు గట్టెక్కాను. అసలు పరీక్ష మూడోది. వాళ్ల బడిలో ఆరో తరగతి పిల్లలకు వీడియోలో అరగంట పాఠం చెప్పాలి. హెడ్‌మాస్టర్ వెనక కూర్చుని చూస్తారు. ఆయనకు నచ్చితే ఉద్యోగం, లేకపోతే లేదు.

ఆ మధ్యాహ్నం కార్ఖానా ఏరియాలో మా ఇంటి ముందుగదే క్లాసు. గోడకు తెల్లబోర్డు, స్టూలు మీద లాప్‌టాప్. ఇంటర్నెట్ పోతే ఫోన్‌తో కలపడానికి ఒక మనిషి కావాలి కదా, మా ఆయన దుకాణం మూసి వచ్చారు. మొహం ముడుచుకుని, కెమెరాకు కనబడకుండా వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. కుక్కర్ జోలికి పోవద్దని ముందే చెప్పాను.

పాఠం పెద్ద సంఖ్యల గురించి. బోర్డు మీద చందమామ దూరం రాశాను, 3,84,400 కిలోమీటర్లు అని. ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తి, ఒక కామా ఎక్కువైంది మిస్ అంది. క్లాసంతా గుసగుసలు. బోర్డు చూసుకుని నాలుక కరుచుకున్నాను. వాళ్లు మూడేసి అంకెలకు కామా పెడతారు, 384,400 అని. తెలియక కాదు, నెల రోజులుగా వాళ్ల పుస్తకాలే తిరగేస్తున్నాను. చెయ్యి మాత్రం దాని పాత అలవాటున అది పోయింది. హెడ్‌మాస్టర్ తల వంచి ఏదో రాసుకున్నారు. ఉద్యోగం చేజారిందనే అనుకున్నాను.

తుడిచేసి సారీ చెబితే సరిపోయేది. డస్టర్ అందుకున్నాను కూడా. కానీ నా తప్పు పట్టుకున్న పిల్లను ఊరికే కూర్చోబెట్టడం నా క్లాసులో ఎన్నడూ లేదు. మీ పద్ధతిలో అది తప్పే, భలే పట్టావని ముందు ఆ పిల్లను మెచ్చుకున్నాను. తర్వాత దాని కిందే వాళ్ల లెక్కన రాసి, ఇప్పుడు చందమామ ఏమైనా కదిలిందా అని అడిగాను. పిల్లలు పకపకా నవ్వారు. వెయ్యి దాటాక మేం రెండేసి అంకెలకు ఆగుతామని, వంద వేలైతే లక్ష, వంద లక్షలైతే కోటి అని చెప్పాను. ఇంకేముంది, అలా రాయడానికి నేనంటే నేనని ఎగబడ్డారు. తప్పు పట్టిన పిల్లే వాళ్ల క్లాసులోని బోర్డు దగ్గరికెళ్లి సూర్యుడి దూరానికి మన పద్ధతిలో కామాలు పెట్టింది. ఒక్కటీ తప్పలేదు. టైమైపోయిందని హెడ్‌మాస్టర్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నాలుగో రోజు మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇస్తున్నామని, తప్పు చూపిన పిల్లతో నేను మాట్లాడిన తీరు చూశాకే నిర్ణయించుకున్నామని రాశారు. గర్వంగా ఉందా అంటే, ఉంది మరి. ఎందుకుండదు? నిలబడి మూడుసార్లు చదువుకున్నాను.

దుకాణానికి ఫోన్ చేసి మా ఆయనకు వినిపించాను. వద్దంటారేమోనని భయపడ్డాను.

"వాళ్లు జెర లేటుగ చెప్పిన్రు," అన్నారు. "నువ్వు పో, ఇంటి సంగతి నేను చూసుకుంట. ఇరవై ఏండ్ల సంది నువ్వు బడికి పోతున్నవని తెల్సు గని, ఆడ ఏం చేస్తున్నవో మొన్ననే చూసిన."