నెవిల్ రాయలేకపోయిన పేరు

క్లాటన్‌లో గ్రంథాలయం మూసేశారు గానీ పందెం షాపులు మాత్రం మూడున్నాయి. కొండ మీద ఒకటి, ఎక్కే దారిలో ఒకటి, కింద ఒకటి. కింది షాపు పాత గ్రంథాలయం భవనంలోనే ఉంది. ఏ గోడల మధ్య కూర్చుని పుస్తకాలు చదివానో, ఆ గోడల మధ్యే ఇప్పుడు అద్దం వెనక కూర్చుని జనం దగ్గర డబ్బు తీసుకుంటున్నాను. మా ఊరు నాకిచ్చిన పై చదువు అది. ఆ అద్దంలోంచి చూసిన మనుషుల్లో నేను కాస్త గౌరవించింది నెవిల్ టాటర్‌సాల్ ఒక్కణ్ణే. అతను రోజూ వస్తాడు, పందెం మాత్రం కాయడు.

నెవిల్ ఇంటింటికీ తిరిగి గ్యాస్ మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మీటర్లు పోయాక కళ్ళకి అంకెలు కరువై, యూరప్ ఫుట్‌బాల్ పందేల ధరల మీద పడ్డాడు. ఆట ఎప్పుడూ చూడడు. ఎవరు గెలుస్తారో అతనికి అక్కర్లేదు. షాపువాడు ఎంత కోస్తున్నాడన్నదే కావాలి.

"ఏ మ్యాచ్‌కైనా మూడే ముగింపులు, అబ్బాయ్," అనేవాడు అద్దానికి ముక్కు ఆనించి. "వీళ్ళు గెలవడం, వాళ్ళు గెలవడం, సమానం. మూడింటి మీదా కాసి, ఏది జరిగినా వంద పౌన్లు చేతికి రావాలంటే ఎంత పెట్టాలి? న్యాయంగా అయితే వంద. పై షాపులో నూటారు పెట్టాలి. మధ్య షాపులో నూట ఎనిమిది. నీ దాంట్లో నూట తొమ్మిది! ఆ తొమ్మిదీ మీ కోత. సిగ్గు లేదూ?"

"అయితే కాయకండి."

"కాయడం లేదుగా! చూసి పోదామని వచ్చాను."

చూసి, మళ్ళీ కొండెక్కేవాడు. ఈలోగా పై షాపువాడు ఏమైనా మార్చాడేమోనని. మోకాళ్ళు పట్టేసినా సరే. దిగొచ్చి క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు చెప్పేవాడు: "ఇటలీ లీగు ఫర్వాలేదు, వందకి నూటైదు. బెల్జియం లీగు జోలికి మాత్రం పోకండి, ఒంటి మీద బట్టలు కూడా మిగల్చరు." మా మేనేజరు అతన్ని రావద్దనాలనుకున్నాడు గానీ, కారణం దొరకలేదు. అతను మా షాపుకి చేసిన నష్టమంతా జేబులో వేసుకుపోయిన పెన్నులే.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఏటికి అవతల బార్‌షా అనే ఊరుంది. ఆ పేరు మా ఊళ్ళో ఎవరూ పలకరు. 'ఏటవతల' అంటారంతే. మా క్లబ్బు నాలుగో తరగతి లీగులో బురద తొక్కుతుంటే, వాళ్ళ క్లబ్బు యూరప్ కప్పులో ఆడుతోంది. ఆ పేరు నేనిక్కడ రాశానంటే మా అమ్మ ఇది చదవదనే ధైర్యంతోనే. నెవిల్ ఒక్కడే ఈ పట్టింపుని చూసి నవ్వేవాడు. "బంతికి ఊరూ పేరూ తెలుసా? మీరంతా పెద్ద పసిపిల్లలు," అనేవాడు.

ఎర్ర కోడిపుంజు పబ్బులోని ముసలాళ్ళు ఏటేటా సముద్రానికి పోతారు. బస్సు అద్దె కోసం పబ్బు నడిపే గ్లెండా ఒక బిస్కెట్ల డబ్బాలో చందా పోగుచేస్తుంది. ఈసారి డబ్బాలో మూడు వందల ఎనభై అయిదు పౌన్లున్నాయి. బస్సువాడు అద్దె నాలుగు వందలకి పెంచాడు.

"తలా పౌను వేస్తే అయిపోయే దానికి ఇంత గోలెందుకు?" అంది గ్లెండా.

"పౌను కాదు, సూత్రం!" అన్నాడు గోర్డన్. ఒకప్పుడు మాంసం కొట్టు నడిపినవాడు, బల్ల మీద చేత్తో నరికినట్టు కొట్టి మాట్లాడతాడు. "ఈ ఏడు పదిహేనిస్తే పై ఏడు యాభై అడుగుతాడు. నేను పెన్నీ ఇవ్వను."

"ఇవ్వకు. కాళ్ళు బకెట్లో పెట్టుకుని అదే సముద్రమనుకో," అన్నాడు డెస్మండ్. పైకప్పులు వేసే మనిషి, ఎక్కడున్నా పైనుంచి చూసినట్టే మాట్లాడతాడు.

ఆ గొడవ మధ్యలో నెవిల్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. మోకాళ్ళ సంగతి మరిచి కొండ మీంచి పరిగెత్తుకొచ్చాడు.

"వందకి తక్కువ!" అన్నాడు రొప్పుతూ. "రిటైరైనప్పట్నుంచీ దీని కోసమే చూస్తున్నాను! ఏటవతలవాళ్ళు ఇవాళ ఆస్ట్రియా జట్టుతో ఆడుతున్నారు. మూడు షాపులూ మూడు దారుల్లో పోయాయి. పై షాపులో 'సమానం' మీద వంద. మధ్య షాపులో ఆస్ట్రియా మీద నూట పాతిక. కింది షాపులో ఏటవతలవాళ్ళ మీద నూట అరవై. మొత్తం మూడు వందల ఎనభై అయిదు. ఏది జరిగినా చేతికొచ్చేది నాలుగు వందలు!"

పబ్బులో ఎత్తిన గ్లాసులన్నీ బల్లల మీదకి దిగాయి.

"అంటే పదిహేను పౌన్లు షాపువాళ్ళే ఇస్తారా?" అన్నాడు గోర్డన్.

"ఇవ్వక చస్తారా."

గ్లెండా డబ్బాని గుండెలకి హత్తుకుంది. "పోతే?"

"పోవడమన్న మాటే లేదు గ్లెండా. పందెం అయితే పోతుంది. ఇది కూడిక!"

ధరలు మారకముందే ముగ్గురూ ఒకేసారి కాయాలి. డెస్మండ్ పై షాపుకి, గోర్డన్ మధ్య షాపుకి ఒప్పుకున్నారు. కింది షాపు మాట ఎత్తగానే అందరికీ బూట్ల లేసులు గుర్తొచ్చి వంగారు.

"ఏటవతలవాళ్ళ మీద నేను కాయను. ఇంటికెళ్తే మా ఆవిడ తలుపు తియ్యదు," అన్నాడు డెస్మండ్.

"పసిపిల్లలు!" అన్నాడు నెవిల్. "నేనే పోతాను."

అలా సాయంత్రం ఆట మొదలవబోతుండగా మా షాపుకొచ్చాడు. మొదటిసారి చేతిలో డబ్బుతో వచ్చాడు. నా ఎదుటే చీటీ తీసుకున్నాడు. నూట అరవై అని వేశాడు. మ్యాచ్ తేదీ వేశాడు. ఆగాడు.

"పెన్ను రాయడం లేదు."

ఇంకోటిచ్చాను. అదీ రాయలేదు. మూడోది నేనే అరచేతి మీద గీసి చూపించాను, బాగానే రాసింది. అప్పుడు నాలుక బయటపెట్టి 'ఏటవతలవాళ్ళు' అని రాసి ఇచ్చాడు.

"మిషన్ తీసుకోదండీ. పేరుండాలి."

"ఎవరో నీకు తెలుసుగా!"

"నాకు తెలుసు. మిషన్‌ది మన ఊరు కాదు."

"నువ్వు రాయి."

"సిబ్బంది రాయకూడదు. రూలు."

నిజంగానే అది రూలు. లేకపోయినా రాసేవాణ్ణి కాదనుకోండి.

అతని వెనక కుక్కల పందెం కోసం నిలబడ్డ ముసలావిడ ఊతకర్రతో నేల కొట్టింది. "కానీవయ్యా! నా కుక్క పరిగెత్తేసి ఇంటికి పోయి పడుకుంది కూడా!"

నెవిల్ మొదటి అక్షరం వేశాడు. రెండో అక్షరం దగ్గర పెన్ను పక్కకి జారి, గొర్రెపిల్ల లాంటి బొమ్మ తయారైంది.

"మా నాన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నాడు అబ్బాయ్," అన్నాడు మెల్లగా. "నర్సుది ఏటవతల అని తెలిసి, సూది వేయించుకోకుండా చెయ్యి దుప్పటి కింద దాచుకున్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు చూస్తే నాదీ ఆ చెయ్యే."

ఆట మొదలైంది. మిషన్ ఆ పందెం మూసేసింది. నెవిల్ నూట అరవై జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, "ఎవరితో అనకు," అన్నాడు.

నా డ్యూటీ అయిపోయింది. నేనూ పబ్బుకి పోయాను. ఇలాంటివి వదులుకుంటే ఈ ఊళ్ళో ఇంకేం చూస్తాం?

డెస్మండ్, గోర్డన్ కాళ్ళు చాపుకుని, ఏ బెంగా లేనివాళ్ళలా కూర్చున్నారు. నెవిల్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మ్యాచ్ చూస్తున్నాడు. మాంసం కూరిన రొట్టె అతని ముందు చల్లారిపోతోంది. ఏటవతలవాళ్ళు గెలిస్తే రెండు వందల పాతిక గోవిందా. సముద్రం గోవిందా. ఆ సంగతి ఆ పబ్బులో అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

సగం ఆట కాకుండానే ఏటవతలవాళ్ళు గోల్ కొట్టారు.

"కొట్టుకోండ్రా, కొట్టుకోండి!" అని గోర్డన్ గ్లాసెత్తాడు. "మీరు కొట్టినా డబ్బు మాదే! నెవిల్, నువ్వు దేవుడివి. వీళ్ళు గోల్ కొడితే నాకు కడుపు మండకపోవడం జీవితంలో ఇదే మొదటిసారి."

"నెవిల్‌కి ఇంకో రొట్టె పెట్టు గ్లెండా," అన్నాడు డెస్మండ్. "తెల్లబోయాడు చూడు, ఆనందంతో."

నెవిల్ ఉప్పుసీసా తీసుకుని టీలో చల్లుకున్నాడు. కలిపాడు. తాగాడు కూడా.

ఆట అయిపోవస్తోంది. ఆస్ట్రియావాడొకడు బంతిని తన్నబోయి జారిపడ్డాడు. బంతి అతని వీపుకి తగిలి లోపలికి పోయింది. సమానం.

నెవిల్ కుర్చీ ఎక్కాడు. కుర్చీ మీంచి బల్ల ఎక్కాడు. ఏటవతలవాళ్ళని పేరు పెట్టి, ఆ పేరుకి నేనిక్కడ రాయలేని మాటలు తగిలించి, గొంతు చిరిగేలా అరిచాడు. రిఫరీ విజిల్ వేసి ఆట ముగించేదాకా దిగలేదు.

"ఎందుకు బాబూ అంత గోల?" అన్నాడు డెస్మండ్. "ఎలాగైనా మనకొచ్చేది నాలుగు వందలేగా?"

నెవిల్ బల్ల మీంచే జేబులో చెయ్యి పెట్టి, నూట అరవై పౌన్లూ తీసి రొట్టె పక్కన పెట్టాడు.

ముందు అర్థమైంది గ్లెండాకి. డబ్బు తీసి డబ్బాలో పడేసి మూత బిగించింది. "ఇకమీదట దీని దగ్గరికి నువ్వు రాకు, బంగారం."

"కాయలేదా?" అన్నాడు గోర్డన్.

"రాయలేకపోయాను," అన్నాడు నెవిల్. "జూదమాడాను గోర్డన్. మీ డబ్బుతో." కళ్ళు తుడుచుకున్నాడు. గెలిచి ఏడ్చినవాణ్ణి నేను అతన్నొక్కణ్ణే చూశాను.

గోర్డన్ లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. "ఏదీ, ఈ చెయ్యేనా?" అని దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. పబ్బంతా లేచి నిలబడింది. ఆ మధ్యాహ్నం పౌను ఇవ్వనన్నవాళ్ళంతా నెవిల్‌కి బీరు పోయించారు.

సముద్రం ప్రయాణానికి నన్నూ రమ్మన్నారు. బస్సు వంతెన దగ్గర ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"బార్‌షా మీంచి పోతే దగ్గర. చుట్టు తిరిగితే డీజిల్‌కి ఇరవై పౌన్లు ఎక్కువ. ఎటు పోనివ్వమంటారు?"

అందరూ నెవిల్ వైపు చూశారు. గ్లెండా డబ్బాని కోటు కింద దాచింది. నెవిల్ పెదాలు కదిలిస్తూ లెక్క వేసుకున్నాడు. నాలుగు వందల ప్రయాణానికి నాలుగు వందల ఇరవై.

"వందకి నూటైదు," అన్నాడు సొంత పర్సు తీస్తూ. "ఇటలీ లీగు ధరే. ఫర్వాలేదు, తిప్పు."