పోపు ఘాటుకి లేచి కూర్చున్న సంఘం

తెలుగమ్మాయిల సంఘానికి నేను ప్రెసిడెంటునయ్యింది ఎన్నికల్లో గెలిచి కాదు, మిగిలిపోయి.

సింగపూర్‌లో మా యూనివర్సిటీ హాస్టల్లో ఆ సంఘం ఒకప్పుడు ఓ వెలుగు వెలిగిందట. నాకు ముందు ప్రెసిడెంటుగా ఉన్న అక్క చెప్పేది. ఆవిడది రాజమండ్రి. పక్కన కూర్చుని ఉప్పందించమని అడిగినా మైకు పట్టుకున్నట్టే ఉండేది. నేను తెనాలి నుంచి వచ్చి చేరేసరికి ఆ వెలుగు కొడిగట్టేసింది. అక్క తప్పంతా కోవిడ్ మీదకి నెట్టేది. మీటింగులు ఫోన్లలోకి ఎక్కాయి, అమ్మాయిలు కెమెరా ఆపేసి పడుకోవడం మరిగారు, ఆంక్షలు తీసేశాక కూడా లేవలేదు అని.

కోవిడ్ ఒక్కదాన్నే ఆడిపోసుకుంటే పాపం తగులుతుంది. మా కార్యక్రమాలకి చీర తప్పనిసరి. ముందు ప్రార్థన, తర్వాత స్వాగతం, ఆ తర్వాత ముఖ్య అతిథి. ఆ అతిథి ప్రతిసారీ ఒకే అంకుల్. "మన సంస్కృతి అంతా మీ ఆడపిల్లల చేతుల్లోనే ఉందమ్మా" అని మొదలుపెడితే సమోసాలు చల్లారి, చెక్కలై, ఇంకా ఏమేమో అయ్యేదాకా ఆపేవాడు కాదు. మరి మగపిల్లల చేతులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఎవరూ అడగలేదు.

అక్క పెట్టిన చివరి సమావేశం హాస్టల్ క్యాంటీన్లో. ముందే వెళ్ళి, ఇక్కడందరూ చేసినట్టే, టేబుళ్ళ మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి వరసంతా చోప్ చేసుకుంది, అంటే సీట్లు ఆపి పెట్టుకుంది. వచ్చింది నేనూ, అంకులూ. నూడుల్స్ ట్రేలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు "కూర్చోవచ్చా?" అని అడుగుతూ ఒక్కో టేబులూ లాగేసుకున్నారు. అంకుల్ మాత్రం ఏమీ తగ్గించలేదు. సంస్కృతి మొత్తం నా ఒక్కదాని చేతుల్లో పెట్టి వెళ్ళాడు.

చదువయ్యాక అక్క ఊళ్ళోనే, పాయా లేబర్ ప్రాంతంలో ఒక బ్యాంకులో చేరింది. వెళ్తూ "సంఘాన్ని నీకప్పగిస్తున్నా" అంది.

"సంఘంలో ఎవరున్నారక్కా?"

"నువ్వున్నావుగా!"

నేను చేసిన మొదటి పని ఏమీ చెయ్యకపోవడం. చాలా హాయిగా ఉండేది. అలా కొన్ని నెలలు గడిచాక ఒక ఆదివారం సాయంత్రం పప్పుచారు మీదకి ప్రాణం లాగింది. మా అంతస్తు చివర చిన్న వంటగది ఉంది. నూనె కాగిందో లేదో చూడ్డానికి వంగేలోపల ఫోను మోగింది, అమ్మ. అమ్మతో మాట్లాడుతూ ఎండుమిరపకాయలు, ఇంగువ గుప్పించాను. ఘాటు నాకంటే ముందు సీలింగుకి తెలిసింది. ఫైర్ అలారం హాస్టలంతా అదిరిపోయేలా మోగింది.

రూలు ప్రకారం అందరూ కింద లాన్‌లోకి దిగారు. తువ్వాలు చుట్టుకున్న తలలతో కొందరు, ఫేస్ ప్యాకులతో కొందరు, దగ్గుతూ చాలామంది. నేను చేతిలో గరిటెతో. నేరస్థురాలెవరో వెతుక్కునే పని వార్డెన్‌కి లేకుండా పోయింది.

ఫుట్‌బాల్ జెర్సీ వేసుకున్న ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి గరిటె వాసన చూసింది. "ఇది మా అమ్మమ్మ వంటిల్లు వాసన లా!" అంది.

ఆ అమ్మాయి ఇక్కడే సింగపూర్లో, హౌగాంగ్ పేటలో పుట్టి పెరిగింది. మాట చివర ఓ 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. ఏడాదిగా లిఫ్టులో చూస్తున్నా. తమిళమ్మాయి అనుకున్నాను. తనేమో నన్ను పొగరుబోతు అనుకుందట. మేమిద్దరం నవ్వుకుంటుంటే వెనకనుంచి ఇంకో గొంతు.

"పోపు మాడగొట్టినవ్, గంతే. ఎల్లిపాయ ఏసినవా లేదా?"

ఆవిడది కరీంనగర్. పీజీ చేస్తోంది. మా పైఅంతస్తే.

"ఇద్దరూ ఇక్కడే ఉండి సంఘానికి ఎందుకు రాలేదు?" అన్నాను, కొంచెం ఉక్రోషంగా.

"చీర ఉండాలంట కదా. నో చీర, సో నో సంఘం," అంది హౌగాంగ్ అమ్మాయి.

కరీంనగర్ అమ్మాయి కారణం వేరు. "నేనొకసారి వచ్చిన. మాట్లాడుతుంటే నా తెలుగు సరిదిద్దిన్రు. మల్ల రాలె," అంది. "పప్పుచారు తింటావా?" అన్నాను. ఆ మాడుపోపు పప్పుచారే ముగ్గురం వరండాలో కూర్చుని ఊదుకుంటూ తాగాం.

తర్వాతి ఆదివారానికి ఇంకొందరు తేలారు. కానీ వార్డెన్ వంటగదిలో వేపుళ్ళూ పోపులూ నిషేధించింది. ఉత్త పెరుగన్నంతో సంఘం ఎన్నాళ్ళు నిలబడుతుంది? గత్యంతరం లేక అక్కకి ఫోన్ చేశాను.

అక్క ఆఫీసు బట్టల్లోనే దిగింది. వరండాలో నిక్కర్లేసుకుని, ఒకే గిన్నెలోంచి ఆవకాయ నంజుకుంటున్న మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది సంఘమా, మెస్సా?"

"అక్కా, ముందు మకాన్, తిను, తర్వాత తిట్టు లా," అని హౌగాంగ్ అమ్మాయి ప్లేటు చేతికిచ్చింది. అక్క నిలబడే తింది. కాసేపటికి కూర్చుని తింది. తిట్టడం మర్చిపోయింది. చెయ్యి కడుక్కుంటూ నాతో మెల్లగా, "ఆఫీసులో డెస్కు దగ్గరే తినేస్తానే. పలకరించే దిక్కు లేదు," అంది. మైకు లేకుండా అక్క మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

వార్డెన్ దగ్గరకి వెళ్ళేసరికి మాత్రం మైకు తిరిగొచ్చేసింది. సంస్కృతి, పోపు, స్త్రీ స్వావలంబన, అన్నీ కలిపి ఇంగ్లీషులో దంచింది. పాపం ఆ చైనీస్ ఆంటీ నోరు తెరిచినప్పుడల్లా అక్క ఇంకో పాయింటు ఎత్తుకునేది. చివరికి ఆంటీ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "కింద తోటలో బార్బెక్యూ పొయ్యి ఉంది. అక్కడ అలారం లేదు. బుక్ చేసుకోండి, దయచేసి," అంది. అక్క వాదన గెలిచిందో, ఆంటీ ప్రాణం విసిగిందో తెలీదు.

మాంసం కాల్చుకునే పొయ్యి మీద మేం గుత్తివంకాయ మొదలుపెట్టాం. అక్క పట్టుచీర కట్టుకొచ్చి, కాసేపు పొగ మింగి, కొంగు నడుముకి చుట్టి బొగ్గులకి గాలి విసరడానికి దిగింది. ఎలా తెలిసిందో ఏమో, అంకుల్ కూడా వచ్చేశాడు. "మన సంస్కృతి..." అని గొంతు సవరించుకోగానే కరీంనగర్ అమ్మాయి ఉల్లిపాయల బుట్టా, కత్తీ ఆయన ముందు పెట్టింది.

"అంకుల్, గివి కోసుకుంట చెప్పుండ్రి."

ఆ రోజు అంకుల్ సంస్కృతి కోసం నిజంగానే కన్నీళ్ళు కార్చాడు. ఉల్లిపాయలు మాత్రం సన్నగా, ఒక్కలాగే తరిగాడు. ఆయనలో ఇంత పనితనం ఉందని ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో ఎక్కడా బయటపడలేదు.

తర్వాతి వారం అక్క తన ఆఫీసు నుంచి ఇద్దరమ్మాయిల్ని వెంటబెట్టుకొచ్చింది. ఒకరు మలయాళీ, ఒకరు ఫిలిప్పీన్స్ అమ్మాయి.

"వీళ్ళకి తెలుగు రాదుగా అక్కా," అన్నాను.

"ఆకలేస్తుందిగా," అని అక్క బొగ్గుల దగ్గర కూర్చుంది.

ప్లేట్లు చాలలేదు. నేనూ హౌగాంగ్ అమ్మాయీ క్యాంటీన్‌కి పరిగెత్తి అడిగి తెచ్చాం.