చీల్చని బిర్చి దుంగలు

టోర్గున్ పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఊదీ ఊదీ అలసిపోయింది. దుంగ అంటుకోదు. బుసబుసమంటూ నీళ్లు కారుస్తుంది, గదంతా పొగ. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద. మంచు బరువుకి కరెంటు తీగ తెగి ఇది మూడో రోజు. పక్కగదిలో ఆమె మొగుడు ఎల్డార్ మూడు దుప్పట్ల కింద పెదాలు నీలంగా మారి పడి ఉన్నాడు. మే నెలలో పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాడు. మంచు తీసి దారి తెరిచి అంబులెన్సు రావడం రేపటికి గానీ కాదన్నారు.

రెండాలెన్ లోయలో కట్టెల పేర్పు చూసి మనిషిని అంచనా కట్టేస్తారు. పెళ్లయిన ముప్ఫై ఏళ్లూ కట్టెలు చీల్చి పేర్చే పని ఎల్డార్‌దే. ఈసారి ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతూనే టోర్గున్ దుంగలన్నీ గోడలా పేర్చింది. అబ్బ, ఎంత మురిసిపోయిందో! కానీ చీల్చే ఓపిక లేక బెరడుతో అలాగే ఉంచేసింది. బిర్చి చెట్టు బెరడు లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు. కట్టె లోలోపలే పుచ్చిపోయింది.

కుర్చీలు రెండు నిన్ననే పొయ్యిలోకి పోయాయి. "ఒక్క ఎండుకట్టె ఇవ్వు దేవుడా!" అని ఏడ్చింది. నడి చలికాలంలో కట్టెలు అడగడమంటే ఇక్కడ తల తీసేసినంత పని. అయినా మధ్యాహ్నం మంచుబండి లాక్కుంటూ పొరుగింటి ఓడ్‌వార్ దగ్గరికి పరిగెత్తింది.

"ఓడ్‌వారన్నా, కట్టెలు కావాలి. ఆయన నాకు దక్కేలా లేడు."

ముసలాయన కొట్టం తెరిచి బండి నింపసాగాడు.

"ఆగస్టులోనే చీల్చుంటే ఇంత బాధ ఉండేది కాదమ్మా."

"నాకేం తెలుసు?"

"అటు పోయిన ప్రతివాడూ చూశాడు."

"చూసి నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నారా?"

"ఇంకొకళ్ల కట్టెలకి వంక పెడతామా తల్లీ? అదీ, ఇంట్లో మనిషి మంచాన ఉండగా! ఎల్డారేమో నేను కనబడితే చాలు, కిటికీ టకటకా కొట్టి కట్టెల వైపు చూపించేవాడు. నీ పేర్పు చూడమంటున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపేవాణ్ణి."

 వేసవంతా టోర్గున్ ముందూ ఎల్డార్ అలాగే కిటికీ కొట్టాడు. "ఊరుకో, ఆయాసపడకు" అంటూ తెర లాగేసింది తనే. ఎంత పాపిష్టిదాన్ని, అనుకుంది.

ఇంటికొచ్చి ముట్టించగానే మంట భగ్గుమంది. పరిగెత్తి మంచం పక్కన కూలబడింది.

"చెబుతూనే ఉన్నావు, నేనే వినలేదు! చెప్పు, ఇప్పుడేం కావాలి?"

ఎల్డార్ ఆమె వైపుగా వేలు చాపాడు. నీళ్లు చూపించింది, తల అడ్డంగా ఊపాడు. ఇంకో దుప్పటా? కాదు. తలగడా? కాదు. "నాకు తెలియట్లేదయ్యా!" అని బావురుమంది.

అతను మెల్లగా ఆమె చెయ్యి అందుకున్నాడు. కంగారులో చేతి తొడుగులు వేసుకోవడం మరిచిపోయిందామె. ఆమె వేళ్లు చలికి తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ చేతిని తన దుప్పట్ల కిందికి లాక్కున్నాడు.